మెట్టసీమకు సముద్రమెంత దూరము?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలవారికి సముద్రమును గూర్చిన చింత యేల యని కొందఱడుగవచ్చును. ఈ మూడు జిల్లాలలో ఏ యూరినుండి బయలుదేరినను సముద్రమును జూచుటకు నూఱుమైళ్లకు పైగా ప్రయాణము చేయవలెను. చెఱువు నిండినయేడు పండుగ, ఎండినయేడు పస్తు, ఇంతే మనకు దెలిసిన నీటిచరిత్రము. అయినను నీరు జిల్లాల యెల్లల నెఱుగదు. జనగామ మెట్టమీద గురిసిన వానలో పెద్దభాగము మూసి, ఆకేరుల దారిని, మహబూబాబాదు వాన ఆకేరు, మున్నేరు, పాలేరుల దారిని కృష్ణను జేరి, దివిసీమయొద్ద సముద్రమున గలియును. భూపాలపల్లి వాన గోదావరిలో బడి కోనసీమను జుట్టి సముద్రమునకు బోవును. ఆ నీటితో బాటు మన చేలమన్నును బోవును. కృష్ణా గోదావరుల ముఖద్వారములయొద్ద నేడు అలలు కోసికొనిపోవుచున్న నేల మెట్టదేశములనుండి నదులు యుగయుగములుగా మోసికొనిపోయి పఱచిన మన్నే.

మన్ను, నీరు గాక మఱియొక సంబంధము మన చరిత్రములో గలదు. క్రీ. శ. 1244 ప్రాంతమున ఓరుగంటి ప్రభువగు కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఒక యభయశాసనము నిలిపించెను. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో నొక చిన్న గ్రామము; ఆ కాలమున మన సీమకు అదియే సముద్రద్వారము. ఆ శతాబ్దము చివర వెనిసునగరపు బేహారి మార్కోపోలో ముత్ఫిలి యని వర్ణించినది దీనినే యని చరిత్రకారులు చెప్పుదురు. వీరభద్రాలయములోని స్తంభముమీద చెక్కబడిన ఆ శాసనమున కర్పూరము, చందనము, ముత్యములు మొదలగు సరకులపై దీసికొనవలసిన సుంకముల పట్టిక గలదు. సామాన్యముగా దానిని వర్తకచరిత్రమునకై చదువుదురు. నాకు మాత్రము అందులోని మొదటిమాట ముఖ్యముగా దోచుచున్నది. గాలివానకు జిక్కి పగిలి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని సొత్తును అంతకుముందు రాజులు బలిమిమై గైకొనుచుండిరట. ఇకమీదట నియతమైన సుంకము పోగా మిగిలినదంతయు ఓడవారికే విడువబడునని గణపతిదేవుడు మాట యిచ్చెను. సముద్రముచే దెబ్బతిన్నవానిని రాజు మఱల కొట్టరాదని దీని తాత్పర్యము. అయితే ఈ దయ వర్తకునివఱకే. అదే గాలివానలో గుడిసె పోగొట్టుకొన్న పల్లెకారునికి ఆ స్తంభముమీద నొక్క యక్షరమైన లేదు.

ఆ ప్రభువు కాలముననే భూపాలపల్లి ప్రాంతపు ఘనపురమున గణపసముద్రమను చెఱువు వెలసెను. ఆతని తోబుట్టువు మైలాంబ మహబూబాబాదు ప్రాంతపు బయ్యారమున చెఱువు గట్టించి, కాకతీయుల వంశక్రమమును దెలుపు శాసనము నచట నిలిపెను. సముద్రమును జూడని మెట్టవారు తమ చెఱువులకు సముద్రములని పేరు పెట్టుకొనిరి. సముద్రమును నిత్యము చూచువారు మాత్రము దానిని కట్టలతో నిలుపగలమని తలంపలేదు. వారి నేర్పు వేఱువిధమైనది.

పాతకాలపు తీరవాసుల నేర్పంతయు తేలికదనమున నుండెను. ఉత్తరాంధ్రతీరమున జాలరులు గట్టుకొన్న చుట్టిండ్లు గుండ్రని మట్టిగోడతో, నేలకు వంగిన తాటాకుకప్పుతో నుండి గాలికి మూలల నందీయవు. కప్పు పోయినను పదిదినములలో మఱల వేసికొనవచ్చును. తెప్ప నాలుగైదు దుంగల కట్ట. మసులా పడవ నారతో గుట్టినది. అల కొట్టినచో వంగునుగాని విఱుగదు. అన్నిటికంటె పెద్ద యుపాయము తొలగిపోవుట. ఇసుకదిబ్బ కదలినచో పల్లె కదలెడిది. ఎవరి పట్టా లేని యా దిబ్బలమీద అది సాధ్యమయ్యెను. బీదతనమును మహోపాయముగా బొగడుట నా యుద్దేశము గాదు. ఆ తేలికయింటిలో ఉప్పెనరాత్రి ప్రాణము దక్కించుకొను చోటు లేదు.

కోరంగి చరిత్రమే దీనికి నిదర్శనము. గోదావరిపాయ యొడ్డున నున్న యీ రేవు ఓడలు గట్టుటకు బ్రసిద్ధి కెక్కినది. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు వరుసగా వచ్చి దానిని ముంచినవి. జనులు మఱల గట్టుకొనిరి. 1839 నవంబరులో మఱల నుప్పెన వచ్చెను. ఆ రెండవదానిలో మూడులక్షలమంది మడిసిరని పుస్తకమునుండి పుస్తకమునకు ఎక్కుచు వచ్చుచున్న సంఖ్య నేను నమ్మజాలను. అంత జనము ఆ చిన్న రేవులో నెక్కడిది? చచ్చినవారిని లెక్కించువా డెవడును లేకుండుటచేతనే ఊహ లెక్కగా మాఱినది. గోదావరి తెచ్చిన యొండ్రు పూడ్చుటతో రేవు చెడి, వర్తకము కాకినాడకు జరిగెను. అయినను కోరంగి పేరు సముద్రము దాటినది. బ్రతుకుదెరువునకై బర్మాకు బోయిన తెలుగుకూలీలను రంగూనులో కోరంగీలని పిలిచెడివారు. ఇట్టి గాలివానలకే 1840లలో కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను సైక్లోనను పేరు పెట్టెను. శాస్త్రమునకు పేరు దొరికినది. తీరమునకు సూచన మాత్రము చిరకాలము దొరకలేదు.

1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణమును సముద్రము కప్పెను. ముప్పదివేలమంది మడిసిరని నాటివారి యంచనా. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు దేనికై పోట్లాడుకొనిరో ఆ బందరు తరువాత మునుపటి వైభవమును మఱల బొందలేదు. తెలివిగలవారు, ధనముగలవారు లేచిపోయిరి. ఇతరులు అచ్చటనే యుండిరి.

నూటపదుమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19వ తేదిని, అదే తీరమున దివిసీమ మునిగెను. సుమారు ఐదు మీటర్ల యెత్తున లేచిన నీరు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలను దుడిచిపెట్టెను. సొర్లగొంది వంటి యూళ్లు దాదాపు నామమాత్రమయ్యెను. మృతులు పదివేలని ప్రభుత్వము లెక్క చెప్పగా, లెక్కకెక్కనివా రంతకంటె నెందఱో యని తీరవాసుల మాట. తుపాను వచ్చుచున్నదని కార్యాలయములకు తెలియకపోలేదు. తెలిసినది పల్లెకు జేరలేదు. చేరినచోట నమ్మకము కలుగలేదు. నమ్మినవానికి ఎక్కుటకు మేడ లేదు. ఈ మూడు కొఱతలలో ఏ యొక్కటి తీఱినను చాలమంది బ్రతికియుందురు. నాటి మంత్రి మండలి వెంకటకృష్ణారావు మొదలగువారు శవములనడుమ నిలిచి చేసిన సేవ స్మరింపదగినదే. కాని నా దృష్టిలో ఆ యుప్పెన మిగిల్చిన గొప్ప స్మారకము తరువాత తీరమంతట లేచిన కాంక్రీటు రక్షణభవనములు. స్తంభములపై నెత్తుగా నిలిచి, మామూలుదినములలో బడిగా నుండి, తుపానునాడు ఊరంతటికి ఇల్లగు భవనములవి. సరుగుడుతోపులు నాటబడినవి, తీరమున రాడారులు నిలిచినవి, ఊరినే ముందుగా ఖాళీ చేయించు పద్ధతి యేర్పడినది. 1990 మే 9వ తేదిని దాదాపు అంతే బలముగల తుపాను అదే కృష్ణాముఖద్వారమున దాటెను. అప్పటికి లక్షలకొలది జనులను ముందే తరలించియుండిరి. మృతులు వేయికి లోపు. పదుమూడేండ్లలో సముద్రము మాఱలేదు. మనుష్యుల యేర్పాటు మాఱినది.

1996 నవంబరు 6న కోనసీమపై వచ్చిన తుపాను ఈ యేర్పాటులోని లోపమును జూపెను. వేయికి పైగా ప్రాణములు పోయినవి. వారిలో ననేకులు పడవలమీద సముద్రముపై నుండినవారు. ఒడ్డుననున్నవానికి చేసిన యేర్పాటు అలమీదనున్నవానికి చేయబడలేదు.

ఇచ్చట గృహిణులును ఆలోచింపవలసిన సంగతి యొకటి గలదు. మన తీరమున మృతులను స్త్రీపురుష భేదముతో లెక్కించి శ్రద్ధగా వివరించినవారు అరుదు. కాని 1991లో బంగ్లాదేశమున వచ్చిన మహాతుపానులో పురుషులకంటె స్త్రీలు మిక్కిలి యెక్కువగా మడిసిరని పరిశోధకులు నిరూపించిరి. ఆడపిల్లకు ఈత నేర్పరు. పెనిమిటి వచ్చి రమ్మనువఱకు ఇల్లు కదలుట తగదందురు. పరపురుషులతో ఇఱుకుగదిలో రాత్రి గడపుటకు సంకోచింతురు. చంకలో పిల్ల యుండును. ఈ ఆచారములలో బంగ్లాదేశమునకే ప్రత్యేకమైన దేమున్నది? రక్షణభవనమున ఆడవారికి వేఱు గదియు, మఱుగుదొడ్డియు లేనిచో ఆ భవనము సగమూరికే కట్టబడినది.

ఇంతవఱకు చెప్పినది ఒక్కరాత్రిలో వచ్చి పోవు సముద్రము. ఇప్పుడు వచ్చుచున్నది వేఱు. 1901 మొదలు 2018 వఱకు లోకమందలి సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు, అనగా జానెడు, పెరిగినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఇటీవల అది ఏటికి మూడున్నర మిల్లీమీటర్లు మించి పెరుగుచున్నది. బొగ్గు, నూనె కాల్చుటచే గాలి వేడెక్కి, ఆ వేడిని సముద్రము గ్రహించి వ్యాకోచించుట, మంచుకొండలు కరగుట దీనికి గారణములు. జానెడే గదా యనవచ్చును. చదునైన లంకనేలలో జానెడు నీరు ఎంతోదూరము పాఱును. బావి ఉప్పనగును, పొలము చౌడుబాఱును, మునుపు దిబ్బయొద్ద నాగిన యల దిబ్బను దాటును.

నీరు లేచుటయే గాక నేల దిగుటయు జరుగుచున్నది. నదీముఖభూములు మెత్తని యొండ్రుతో నేర్పడినవగుటచే తమ బరువునకు దామే యణగుచుండును. ప్రతి వరదకు క్రొత్తమన్ను వచ్చి పడినంతకాలము ఆ లోటు తీఱుచుండెడిది. ఇప్పుడు ఆ మన్ను రాదు. ధవళేశ్వరముకడ గోదావరిలో బోవు మన్ను 1970లలో ఏటికి సుమారు 15 కోట్ల టన్నులుండగా, ఈ శతాబ్దారంభమునకు 6 కోట్ల టన్నులకు లోపుగా దిగినదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టిరి. నాగార్జునసాగరము, శ్రీశైలము గట్టిన తరువాత కృష్ణమన్ను సముద్రమునకు చేరుట దాదాపు నిలిచినది. ఐగుప్తులో 1970లో ఆస్వాను పెద్ద యానకట్ట ముగిసిన పిమ్మట నైలునదీముఖమున నిట్లే జరిగెను. రోసెట్టా కొమ్ము సముద్రములోనికి గరగిపోయెను.

మూడుజిల్లాలవారమగు మనము ఇచ్చట తప్పించుకొన వీలులేదు. దేవాదుల యెత్తిపోతలతో గోదావరినీరు జనగామ మెట్ట నెక్కినది. ఆ నీరు లేనినాడు జనగామ పల్లెలనుండి ఎందఱు భీవండికి, సూరతునకు బోయిరో మన యిండ్లలోనే లెక్క గలదు. ఆ నీటిని వదలుకొమ్మని నేననను. 2019లో భూపాలపల్లి జిల్లా మేడిగడ్డకడ పూర్తియైన బ్యారేజి స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినప్పటినుండి దాని వ్యయమును, నేరమును గూర్చి వాదములు హోరెత్తినవి. ఆ హోరులో మన్ను ప్రస్తావనయే లేదు. వరదలో తలుపులెత్తు బ్యారేజి మన్నును పెద్ద జలాశయమంతగా పట్టియుంచదన్నమాట నిజమే. అయినను నదిమీద నేది కట్టినను నీటిలెక్కతో బాటు మన్నులెక్కయు వ్రాయుట న్యాయము గదా. ఇక బొగ్గు సంగతి. గణపసముద్రమునకు సమీపముననే చెల్పూరులో 1,100 మెగావాట్ల తాపవిద్యుత్కేంద్రము గలదు. సింగరేణి బొగ్గు దానికి మేత. దాని పేరు కాకతీయ. చెఱువు త్రవ్వించిన వంశముపేరు పొగగొట్టమునకు గూడ దక్కినది. ఆ కరెంటే మన బావులమోటార్లను ద్రిప్పును, మన దీపములను వెలిగించును. లోకమున మండుచున్న బొగ్గులో అది మిక్కిలి చిన్నభాగము. చిన్నదైనను భాగమే.

సముద్రము మనల మఱచినదియు లేదు. వెచ్చనైన గాలి యొక్క డిగ్రీకి సుమారు నూటికి ఏడుపాళ్లు ఎక్కువ ఆవిరిని మోయగలదు. బంగాళాఖాతమునుండి లేచిన ఆ యావిరి మనమీదనే కురియుచున్నది. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కదినమున 649 మిల్లీమీటర్ల వాన పడెను. అప్పుడే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు తెల్లవాఱుజామున ముంచగా, జనులు మేడలెక్కి యుండిరి, హెలికాప్టరులు రావలసివచ్చెను, కొందఱు కొట్టుకొనిపోయిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రముకడ రైలుపట్టాలక్రింది కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. దివిసీమవారు 1977లో నేర్చిన పాఠము మోరంచపల్లికి 2023లో నూతనముగా నుండెను.

తీరమున మెల్లని సముద్రముతో ఎట్లు వేగుచున్నారో చూడవలెనన్న కాకినాడ జిల్లా ఉప్పాడకు బోవలెను. జాందానీ చీరలకు బ్రసిద్ధమైన యూరది. గోదావరిమన్నుతో గత రెండుశతాబ్దములలో పెరిగిన హోపు ద్వీపపు ఇసుకకొమ్ము కాకినాడ రేవునకు చాటైనది. ఆ చాటుకు వెలుపలనున్న యుప్పాడపై అలల తాకిడి యెక్కువైనదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఒకరికి గోడయైనది మఱియొకరికి గండియైనది. కాకినాడనుండి వచ్చు తీరపుబాట తుపానుతుపానునకు దెగుచుండును. దానిని గాపాడుటకు బండలు పోసిరి. ఇసుక నింపిన పెద్దపెద్ద జియోట్యూబులను బఱచిరి. వానిని అలలు చీల్చినవి. మఱల బండలు పోయుచున్నారు. గోడ యున్నచోట అల వెనుదిరిగి గోడ చివర నున్న యిండ్లను గొట్టును. బాటకు గలిగిన రక్షణ ఇండ్లకు గలుగలేదు. జాలరి తన పడవతో కొంత వెనుకకు జరుగగలడు. నేతగాని గుంటమగ్గము నేలలోనికి ద్రవ్వినది. చెమ్మ తగిలినచో పని సాగదు. దానిని బండిలో నెక్కించి తీసికొనిపోవుటకు వీలులేదు.

ఇదే గోదావరిముఖమున మఱియొక పద్ధతి గలదు. పాత కోరంగిరేవు ప్రాంతపు మడయడవి 1978లో అభయారణ్యమైనది. ఆ చెట్ల యూడలు అలను చీల్చును, బురదను పట్టును, నేలను లేపును. పీతలకు, రొయ్యపిల్లలకు నీడ నిచ్చును. చెట్లు నఱికినచోట చేపముల్లు ఆకారమున చిన్నకాలువలు త్రవ్వి పోటునీటిని రానిచ్చినచో మడ మఱల లేచుచున్నదని యచ్చటి గ్రామస్థులే కృష్ణా గోదావరి తీరములలో చేసి చూపిరి. రొయ్యలచెఱువులకై యెన్నిచోట్ల నడవి కొట్టిరో చూచినప్పుడు ఈ పని యెంత చిన్నదో తెలియును. బండలకంటె చౌకయనుట నిస్సందేహము. దీనికి గంట్రాక్టరు అవసరము తక్కువ. బహుశః అందుచేతనే దీనికి ఉత్సాహమును తక్కువ.

ధర్మశాస్త్రమున ఈ మెల్లని సముద్రమునకు చిరకాలము చోటు లేకుండెను. తుపాను విపత్తుగా నెంచబడెను. దానికి సహాయధన ముండెను. ఏటేట పదిగజములుగా ఇల్లు సముద్రములో బడిన విపత్తుల పట్టికలో నది లేదు. కోతకు నేల గోల్పోయినవారి పునర్నివాసమునకు 1,000 కోట్ల రూపాయలును, కోతను నివారించుటకు 1,500 కోట్లును ప్రత్యేకింపవలెనని పదునైదవ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు గల కాలమునకు సిఫారసు చేసినది. నదికోతయు, సముద్రపుకోతయు గలిసి దేశమంతటికి ఇదియే మొత్తము. కొంచెమే, అయినను తీరపుకోత బాధితుడు బాధితుడేయని దేశపు లెక్కలలో నెక్కినది.

డబ్బు వచ్చిన పిమ్మట ఎట్లు తరలించుటయను ప్రశ్న మిగిలియున్నది. ఐదుమైళ్ల లోపల కాలనీ గట్టి తాళపుచెవు లిచ్చినచో జాలరి పగలు ఇంటిలో నుండి, రాత్రి మఱల యొడ్డుననే పాకలో పరుండును. సముద్రపు రంగు చూడక ఆతడు వేటకు బోజాలడు. చేపలగంప నెత్తిన బెట్టుకొని సంతకు బోవు స్త్రీకి దూరము పెరిగిన కొలది లాభము తఱుగును. చేపలెండబెట్టు కళ్లము, వలలు బాగుచేయు నీడ, పడవలు నిలుపు చోటు, మగ్గపుగుంటకు పొడినేల, ఇంటిపట్టాలో ఇల్లాలి పేరు, పిల్లలకు నడకదూరములో బడి, ఇవి యున్నగాని తరలింపు తరలింపు గాదు. సింగరేణి గనులకై ఊళ్లను ఖాళీ చేసిన భూపాలపల్లివారికిని, జలాశయములక్రింద ఊళ్లు మునిగిన మన పొరుగుజిల్లాలవారికిని క్రొత్తకాలనీలో ఏవేవి లేకపోయెనో బాగుగా తెలియును. ఉప్పాడలో క్రొత్తస్థలము నిర్ణయించుటకు అధికారులు కూర్చుండునప్పుడు వీరినిద్దఱిని పిలిచి యడిగినచో మేలు.